పైకి కనిపించని జబ్బు ఉన్నవాళ్లు డిజేబుల్డ్ పార్కింగ్ పర్మిట్ వాడొచ్చా?

ఇతరులకూ అర్థం కావాలని మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా రాస్తున్నాను. మీ వయసు ముప్పై ఆరు. కార్డియోమయోపతి, అంటే గుండె కండరం బలహీనపడే జబ్బు ఉంది. డాక్టరు సంతకం చేసిన దరఖాస్తుతో డిజేబుల్డ్ పార్కింగ్ పర్మిట్, అంటే వైకల్యం ఉన్నవాళ్ల కోసం తలుపు దగ్గర కేటాయించిన స్థలంలో కారు పెట్టుకునే అనుమతి కార్డు, వచ్చింది. మొదటిసారి వాడిన రోజే ఎవరో ఒకాయన "చూడ్డానికి బానే ఉన్నావు కదా, సిగ్గనిపించడం లేదా" అని అందరి ముందూ అన్నాడు. అప్పటి నుంచీ ఆ పర్మిట్ కారు అరలోనే ఉండిపోయింది. ఒంట్లో బాగున్న రోజు కూడా దాన్ని వాడొచ్చా, ఎవరైనా నిలదీస్తే ఏం చెప్పాలి, మీ ఆవిడ మీ మందులు తేవడానికి వెళ్లినప్పుడు వాడుకోవచ్చా, ఆఫీసులో ఎలా నెట్టుకురావాలి అని అడిగారు.

వాడండి. బాగున్న రోజు కూడా వాడండి. మీ ఆవిడ ఒక్కరే వెళ్లినప్పుడు మాత్రం వద్దు. ఎందుకో ఒక్కొక్కటిగా చెబుతాను.

నాకు రుమటాయిడ్ ఆర్థరైటిస్, అంటే కీళ్లవాతం ఉంది. చాలా ఏళ్లుగా ఈ పర్మిట్ వాడుతున్నాను. మా రోగుల బృందంలో కొత్తవాళ్లు దరఖాస్తు నింపడానికి సాయం చేసేది కూడా నేనే. మీరు పడుతున్న ఇబ్బంది దాదాపు అందరూ పడతారు. వయసు తక్కువైన కొద్దీ ఇంకా ఎక్కువ పడతారు. మీరు ఏ దేశంలో ఉన్నారో రాయలేదు కాబట్టి అమెరికా, బ్రిటన్ నిబంధనలను ఉదాహరణగా తీసుకుంటాను. చిన్న చిన్న తేడాలు ఉన్నా మూలసూత్రం చాలాచోట్ల ఒకటే.

అసలు ఈ పర్మిట్ ఎవరికి ఇస్తారో చూద్దాం. అమెరికాలో ప్రతి రాష్ట్రమూ తన పర్మిట్ తానే ఇచ్చుకుంటుంది. అయితే అన్నిటికీ ఒక నమూనా ఉండాలని 1991లో కేంద్ర ప్రభుత్వం నిబంధనలు తెచ్చింది. అందులో అర్హతలు స్పష్టంగా ఉన్నాయి. ఆగి అలుపు తీర్చుకోకుండా 200 అడుగులు, అంటే సుమారు 60 మీటర్లు నడవలేకపోవడం ఒకటి. చేతికర్రో, ఇంకో మనిషి సాయమో లేకుండా నడవలేకపోవడం ఇంకొకటి. ఊపిరితిత్తుల జబ్బు వల్ల బలంగా ఊదినప్పుడు మొదటి సెకనులో బయటికి వచ్చే గాలి ఒక లీటరు కన్నా తక్కువ ఉన్నా, వెంట ఆక్సిజన్ సిలిండర్ పెట్టుకుని తిరగాల్సి వచ్చినా అర్హతే. కీళ్ల, నరాల, ఎముకల జబ్బుల వల్ల నడక బాగా దెబ్బతిన్నా అర్హతే. మీకు వర్తించే అర్హత ఇది: గుండెజబ్బు తీవ్రతను నాలుగు తరగతులుగా చూసే వర్గీకరణలో మూడో తరగతిలో గానీ నాలుగో తరగతిలో గానీ ఉండటం. మూడో తరగతి అంటే కూర్చున్నప్పుడు హాయిగానే ఉంటుంది, మామూలు పనికన్నా తక్కువ పని చేసినా ఆయాసమో నీరసమో వచ్చేస్తుంది. ఆ నిర్వచనంలోనే ఉంది చూడండి, "కూర్చున్నప్పుడు హాయిగా ఉంటుంది" అని. కారు దిగుతున్న మిమ్మల్ని చూసిన మనిషికి కనిపించింది ఆ ముక్కే.

ఊపిరి ఎంత లోపలికి వెళ్తోందో, గుండె ఎంత రక్తాన్ని నెడుతోందో పక్క కారులో కూర్చున్నవాళ్లకి తెలిసే మార్గం లేదు. అందుకే ఆ తేల్చే పని డాక్టరుకీ, పర్మిట్ ఇచ్చే ఆఫీసుకీ అప్పగించారు. వాళ్లు మీ రిపోర్టులు చూసి తేల్చేశారు. ఆ విచారణ అక్కడితో ముగిసింది. పార్కింగ్‌లో ఎదురైన ప్రతివాడి దగ్గరా దాన్ని మళ్లీ మొదటి నుంచీ జరిపించుకోవాల్సిన పని మీకు లేదు.

బ్రిటన్ ఇంకో అడుగు ముందుకు వేసింది. అక్కడ ఈ పర్మిట్‌ని బ్లూ బ్యాడ్జ్ అంటారు. ఇంగ్లండ్‌లో 2019 ఆగస్టు 30 నుంచి దాని అర్హతల్లో పైకి కనిపించని వైకల్యాలను స్పష్టంగా చేర్చారు. ప్రయాణం చేస్తే తనకో ఇతరులకో తీవ్రమైన హాని జరిగే ప్రమాదం ఉన్నవాళ్లు, విపరీతమైన మానసిక క్షోభకు గురయ్యేవాళ్లు కూడా ఇప్పుడు దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆటిజం ఉన్న పిల్లవాడు చక్కగా పరుగెత్తగలడు. వాహనాలు తిరిగే చోట తల్లి చెయ్యి విడిపించుకుని ఆ పరుగు పెట్టడమే అక్కడి ప్రమాదం. ఇండియాలో కూడా 1995 నాటి చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి. 2016 చట్టంలో అవి 21 అయ్యాయి. మెదడు, నరాలు దెబ్బతినే మల్టిపుల్ స్క్లెరోసిస్, పార్కిన్సన్స్, రక్తానికి సంబంధించిన హిమోఫీలియా, తలసేమియా, సికిల్ సెల్ వ్యాధి అందులో ఉన్నాయి. వీటిలో చాలావరకు మనిషిని చూసి పోల్చుకోగలిగేవి కావు.

మరి జనం ఎందుకు అలా అంటారు? అందరూ దుర్మార్గులై అనరు. ఆ పార్కింగ్ స్థలం బోర్డు మీద చక్రాల కుర్చీ బొమ్మ ఉంటుంది. 1968లో సూసన్ కోఫోడ్ అనే డెన్మార్క్ డిజైన్ విద్యార్థిని గీసిన బొమ్మ అది. మరుసటి ఏడాది దానికి తల చేర్చి ప్రపంచమంతా వాడటం మొదలుపెట్టారు. దూరం నుంచి కూడా గుర్తుపట్టేలా ఉండటం దాని గొప్పతనం. కానీ అర్ధశతాబ్దం పైగా ఆ ఒక్క బొమ్మనే చూస్తూ వచ్చినవాళ్లకి ఆ స్థలం చక్రాల కుర్చీ వాడేవాళ్లకి మాత్రమే అనే అభిప్రాయం స్థిరపడిపోయింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం ప్రతి వందమందిలో సుమారు 16 మందికి ఏదో ఒక గణనీయమైన వైకల్యం ఉంది. చక్రాల కుర్చీ అవసరమైనవాళ్లు వందకి ఒక్కరు. మిగతావాళ్లలో ఎంతోమంది పైకి మామూలుగానే కనిపిస్తారు. ఇంకోటి కూడా ఉంది. చనిపోయిన తాతగారి పర్మిట్ పెట్టుకుని తిరిగేవాళ్లు, అమ్మ పర్మిట్‌తో సినిమాకి వెళ్లేవాళ్లు నిజంగానే ఉన్నారు. వాళ్ల మీద రావాల్సిన కోపం మీ మీదికి వస్తోంది. అది మీ తప్పు కాదు, కానీ ఆ కోపం ఎక్కడి నుంచి వస్తోందో తెలిస్తే మాట అంత లోతుగా గుచ్చుకోదు.

ఇక బాగున్న రోజు సంగతి. నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే, ఎక్కువమంది తప్పుగా అర్థం చేసుకునేదీ ఇదే. "ఇవాళ ఓపిక ఉంది కదా, దూరంగా పెట్టి నడుద్దాం" అనుకుంటారు. నెల మొదట్లో చేతిలో డబ్బు ఆడుతోందని ఖర్చు పెట్టేస్తే నెలాఖరుకి ఏమవుతుందో, మన జబ్బుల్లో ఓపిక సంగతీ అంతే. ఇవాళ ఉన్న ఓపికతోనే లోపల పని చూసుకోవాలి, వరసలో నిలబడాలి, సంచులు మోస్తూ తిరిగి రావాలి, ఆ పైన జాగ్రత్తగా డ్రైవ్ చేసి ఇల్లు చేరాలి. కారు నుంచి తలుపు దాకా నడవగలమా అని ఆలోచిస్తారే గానీ, తలుపు నుంచి కారు దాకా తిరిగి రాగలమా అని చాలామంది ఆలోచించరు. తేలేది వచ్చేటప్పుడే.

మీ విషయంలో లోపల జరిగేది ఇది. నడిచేటప్పుడు కాళ్ల కండరాలకి ఎక్కువ రక్తం కావాలి. ఆరోగ్యంగా ఉన్న గుండె ఆ మేరకు వేగం, బలం పెంచుకుంటుంది. మీ గుండెకి ఆ పెంచుకునే శక్తి తక్కువ. రక్తం ముందుకి సరిగ్గా పోక ఊపిరితిత్తుల వైపు ఒత్తిడి పెరుగుతుంది, ఆయాసం వస్తుంది. అది మొదటి పది అడుగుల్లో రాదు, నూరో అడుగులో రావచ్చు. ఎండలో, చలిగాలిలో, ఎత్తు ఎక్కేటప్పుడు ఇంకా ముందే వస్తుంది.

మిగతా జబ్బులకి వాటి వాటి పద్ధతులు ఉన్నాయి. మల్టిపుల్ స్క్లెరోసిస్ ఉన్నవాళ్లకి ఒళ్లు వేడెక్కితే చాలు, దెబ్బతిన్న నరాల్లో సంకేతాలు మందగించి చూపు మసకబారుతుంది, కాళ్లు తడబడతాయి. 1890లోనే ఉట్‌హోఫ్ అనే జర్మన్ కంటి వైద్యుడు దీన్ని గమనించి రాశాడు, ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. క్రానిక్ ఫటీగ్ సిండ్రోమ్, అంటే ఏళ్ల తరబడి వదలని నీరసం జబ్బులో అయితే శ్రమ పడిన రోజు మనిషి బాగానే ఉంటాడు. పన్నెండు గంటల నుంచి రెండు రోజుల్లోపు దెబ్బ తగులుతుంది, మంచం దిగలేని పరిస్థితి వస్తుంది. కీళ్లవాతంలో ఉదయం పూట బిగుసుకుపోయిన కీళ్లు సాయంత్రానికి కాస్త వదులవుతాయి. పొద్దున నన్ను చూసినవాళ్లూ సాయంత్రం చూసినవాళ్లూ నేను ఒకే మనిషినంటే నమ్మరు. డయాలసిస్ చేయించుకునేవాళ్లు వెళ్లేటప్పుడు ఒకలా ఉంటారు, బీపీ పడిపోయి తిరిగి వచ్చేటప్పుడు ఇంకోలా ఉంటారు. వీళ్లలో ఎవరినైనా ఏ ఒక్క నిమిషంలోనో చూసి తేల్చడం కుదరదు.

అందుకే నా సలహా ఏమిటంటే, పర్మిట్ వాడాలా వద్దా అన్నది ఆ క్షణంలో ఎలా ఉన్నారన్న దాన్ని బట్టి తేల్చుకోకండి. ఆ మొత్తం పని అయ్యి ఇంటికి చేరేసరికి ఎలా ఉంటారన్న దాన్ని బట్టి తేల్చుకోండి. అలాగని ప్రతిసారీ ఆ స్థలమే కావాలని పట్టుబట్టాల్సిన పని లేదు. మామూలు స్థలం కూడా తలుపుకి అంతే దగ్గరగా ఖాళీగా ఉంటే నేను అక్కడే పెడతాను. కారు దిగకుండా ఎవరినైనా ఎక్కించుకుని వెళ్లడానికే వస్తే అస్సలు వాడను. మందులు బాగా పనిచేసి గుండె కోలుకుని, డాక్టరు మీరిక మూడో తరగతిలో లేరని చెప్పిన రోజు వస్తే, రావాలని కోరుకుంటున్నాను, అప్పుడు పర్మిట్ తిరిగి ఇచ్చేయండి.

మీ ఆవిడ విషయం. పర్మిట్ మీకిచ్చారు, కారుకి కాదు, కుటుంబానికీ కాదు. మీరు ఇంట్లో ఉంటే ఆవిడ తెచ్చేది మీ మందులే అయినా ఆ స్థలం వాడకూడదు. మిమ్మల్ని దింపడానికో ఎక్కించుకోవడానికో వస్తే వాడొచ్చు. మీరు కారులోనే కూర్చుని ఆవిడ ఒక్కరే దిగి వెళ్లొచ్చే సందర్భంలో కూడా వద్దు. బ్రిటన్ నిబంధనలైతే ఈ విషయం విడిగా చెబుతాయి. బ్లూ బ్యాడ్జ్ దుర్వినియోగానికి అక్కడ వెయ్యి పౌండ్ల దాకా జరిమానా పడవచ్చు. దీనికి రెండో వైపు కూడా గుర్తుంచుకోండి. మీరు స్నేహితుడి కారులో వెళ్లినా, అద్దె కారులో వెళ్లినా ఆ పర్మిట్ మీ వెంట తీసుకెళ్లి అందులో పెట్టుకోవచ్చు. చాలామందికి ఇది తెలియక తమ కారుకే పరిమితం అనుకుంటారు.

వాడే పద్ధతి తేలికే. అమెరికాలో కారు లోపల వెనక బండ్లను చూసుకునే అద్దానికి తగిలించాలి, బండి కదిలించే ముందు తీసేయాలి, లేకపోతే రోడ్డు కనబడకుండా అడ్డొస్తుంది. బ్రిటన్‌లో డ్యాష్‌బోర్డ్ మీద వివరాలు పైకి కనిపించేలా పెడతారు. గడువు తేదీ బయటికి కనిపించాలి. గడువులు చోటుని బట్టి మారతాయి. టెక్సస్‌లో శాశ్వత పర్మిట్ నాలుగేళ్లు, బ్లూ బ్యాడ్జ్ మామూలుగా మూడేళ్లు. అమెరికాలో ఆపరేషన్ తర్వాతో, కాలు విరిగినప్పుడో ఇచ్చే ఎర్ర రంగు తాత్కాలిక పర్మిట్ చాలా రాష్ట్రాల్లో ఆరు నెలలకి మించదు. గడువు దాటిన పర్మిట్‌కి జరిమానా రాస్తే మీ జబ్బు ఎంత నిజమైనా వాదన నిలబడదు. కాబట్టి ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి. డాక్టరు అపాయింట్‌మెంట్ దొరకడానికే వారాలు పడుతుంది, అది కూడా లెక్కలో వేసుకోండి.

ఇంకో ముఖ్యమైన మాట. ఆ స్థలం పక్కన చారలు గీసిన ఖాళీ జాగా మీద ఒక్క నిమిషమైనా బండి ఆపకండి, చక్రం కూడా దాని మీదికి రానీయకండి. అమెరికా ప్రమాణాల ప్రకారం అది కనీసం 60 అంగుళాలు ఉండాలి. ర్యాంప్ ఉన్న వ్యాన్ల కోసం కేటాయించిన చోట 96 అంగుళాల దాకా ఉంటుంది. చక్రాల కుర్చీలో ఉన్న మనిషి కారు నుంచి దిగాలన్నా, ముఖ్యంగా తిరిగి ఎక్కాలన్నా ఆ జాగాయే ఆధారం. అది మూసుకుపోతే ఆ మనిషి ఎండలోనో వానలోనో మీరు వచ్చేదాకా బయటే ఉండిపోవాలి. రెండు స్థలాలు ఖాళీగా ఉంటే వ్యాన్ గుర్తు ఉన్నదాన్ని వదిలేసి రెండోది తీసుకోండి. మీకు కావాల్సింది దగ్గరితనం, వాళ్లకి కావాల్సింది వెడల్పు. ఈ తేడా మన బృందాల్లో కూడా ఇంకా గట్టిగా చెప్పుకోవాల్సిన అవసరం ఉంది.

ఎవరైనా నిలదీస్తే ఏమనాలి? నేను ఒకే వాక్యం చెబుతాను: "ఈ పర్మిట్ నా పేరు మీదే ఉందండీ." చెప్పి నడుచుకుంటూ వెళ్లిపోతాను. గొంతు పెంచను, ఆగను. జబ్బు పేరు చెప్పను. మొదట్లో చాలామంది వివరంగా చెప్పి ఒప్పించాలని చూస్తారు. గుండె పంపింగ్ ఇంత శాతం అని రిపోర్టు నంబర్లు చెప్పినవాళ్లు కూడా నాకు తెలుసు. దానివల్ల ఒరిగేది ఉండదు. అవతలి మనిషి "మా బాబాయికి కూడా గుండెజబ్బే, ఆయన నడుస్తాడు" అంటాడు. మీరు అక్కడ నిలబడి, టెన్షన్ పడి, దాచుకున్న ఓపికంతా వాదనకే ఖర్చు చేస్తారు. అయితే నిజంగా తెలుసుకోవాలని మర్యాదగా అడిగేవాళ్లూ తారసపడతారు, ముఖ్యంగా పిల్లలు. మనసుకి అనిపిస్తే వాళ్లకి చెప్పండి. "కొన్ని జబ్బులు లోపల ఉంటాయమ్మా, పైకి కనపడవు" అంటే పిల్లలకి ఇట్టే అర్థమవుతుంది.

ఎవరైనా దారికి అడ్డొచ్చినా, వెంటపడినా, బండి మీద చెయ్యి వేసినా మాట్లాడటం ఆపేయండి. కారులోకి వెళ్లి తలుపులు లాక్ చేసుకుని అక్కడి సెక్యూరిటీకో పోలీసులకో ఫోన్ చేయండి. తిరిగి వచ్చేసరికి అద్దం మీద తిట్లు రాసిన కాగితం ఉంటే ఫొటో తీసి ఉంచుకోండి. ఒకే చోట మళ్లీ మళ్లీ జరుగుతుంటే అక్కడి మేనేజరుకి ఫిర్యాదు చేయడానికి పనికొస్తుంది.

పోలీసు గానీ పార్కింగ్ అధికారి గానీ అడిగితే అది వేరే సంగతి. పర్మిట్ మీదేనా అని చూసే అధికారం వాళ్లకి ఉంది. పర్మిట్, దాంతో వచ్చిన గుర్తింపు కాగితం, మీ ఫొటో ఉన్న కార్డు చూపించండి. వాళ్లు తనిఖీ చేయడం మనకి మంచిదే, దొంగ పర్మిట్లు పట్టుబడేది అలాగే. అక్కడ తేలాల్సింది పర్మిట్ అసలుదేనా, మీదేనా అన్నది మాత్రమే.

ఇంకా పర్మిట్ రానివాళ్లు కూడా ఇది చదువుతారు కాబట్టి దరఖాస్తు గురించి కొంచెం. డాక్టరు మిమ్మల్ని చూసేది కుర్చీలో కూర్చున్నప్పుడు. ఆ గదిలో మీరు బాగానే కనిపిస్తారు. "ఎలా ఉన్నారు" అంటే మనం అలవాటుగా "పర్లేదు డాక్టరుగారూ" అనేస్తాం. ఆ ఒక్క మాటతో ఎన్నో దరఖాస్తులు ఆగిపోయాయి. వెళ్లే ముందు రెండు వారాల పాటు రాసి పెట్టుకోండి: ఎంత దూరం నడిచాక ఆగాల్సి వచ్చింది, ఆగినప్పుడు ఏమనిపించింది, మళ్లీ నడవడానికి ఎంతసేపు పట్టింది, మర్నాడు ఎలా ఉన్నారు. ఎక్కువ చేసి రాయొద్దు, తగ్గించి కూడా రాయొద్దు. అవసరమైతే ఆరు నిమిషాల నడక పరీక్ష చేయమని అడగండి. ఆరు నిమిషాల్లో ఎంత దూరం నడవగలిగారో, మధ్యలో ఎన్నిసార్లు ఆగారో అందులో నమోదవుతుంది, గుండె, ఊపిరితిత్తుల జబ్బుల్లో డాక్టర్లకి బాగా తెలిసిన పరీక్ష అది. ఒకసారి తిరస్కరించినా అదే కాగితాన్ని మళ్లీ పంపకండి. ఏ అర్హత కింద తిరస్కరించారో తెలుసుకుని, దానికి సరిపడే వివరం డాక్టరు చేత రాయించి పంపండి.

చివరగా మీ ఆఫీసు. సహోద్యోగుల చూపులు పరాయివాళ్ల మాటలకన్నా ఎక్కువ బాధిస్తాయి, ఎందుకంటే వాళ్లని రేపు మళ్లీ చూడాలి. అలాగని అందరికీ చెప్పుకోవాల్సిన పని లేదు. అమెరికాలో 1990 నాటి వైకల్య చట్టం ప్రకారం, పదిహేను మందికి తక్కువ కాకుండా ఉద్యోగులున్న సంస్థ మీ అవసరానికి తగిన సర్దుబాటు చేయాలి. తలుపు దగ్గర పార్కింగ్ ఇవ్వడం అలాంటి సర్దుబాట్లలో ఒకటి. మీరిచ్చిన వైద్య వివరాలను మామూలు ఉద్యోగ ఫైలులో కలపకుండా విడిగా, గోప్యంగా ఉంచాలి. హెచ్ఆర్‌కి మౌఖికంగా కాకుండా మెయిల్ రాయండి. "నాకు నడిచే దూరాన్ని పరిమితం చేసే ఆరోగ్య సమస్య ఉంది, ప్రభుత్వం ఇచ్చిన పర్మిట్ ఉంది, తలుపుకి దగ్గరగా పార్కింగ్ కావాలి" అని మూడు ముక్కలు చాలు. జబ్బు పేరు ఆ మొదటి మెయిల్‌లో అక్కర్లేదు. డాక్టరు ఉత్తరం కావాలంటే హెచ్ఆర్‌కి నేరుగా ఇవ్వండి, మేనేజరు ద్వారా పంపకండి. పక్క సీటులో ఉన్నవాళ్లు అడిగితే "ఆరోగ్య కారణాల వల్ల ఇచ్చారు" అనండి. మీరు నమ్మే మనిషి ఎవరైనా టీమ్‌లో ఉంటే మాత్రం ఆ ఒక్కరికీ అసలు విషయం చెప్పి, ఆయాసం వచ్చినప్పుడు ఏం చేయాలో, ఎవరికి ఫోన్ చేయాలో కూడా చెప్పి ఉంచండి.